చలికాలమునకు ఇంటిని సిద్ధపఱచుట



ఈ సంచిక మీ చేతి కందునప్పటికి కార్తికమాసము సగము గడచియుండును. తెల్లవాఱుజామున కాళ్లదగ్గఱి దుప్పటిని మెడవఱకు లాగుకొనవలెనని తోచుటయు, సీసాలోని కొబ్బరినూనె తెల్లగా పేరుకొనుటయు చూచినపుడు చలికాలము వాకిట నిలిచినదని గృహిణి గుర్తించును. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకు దిగువను గడ్డకట్టును గనుక ఇంతకంటె చవుకయైన ఉష్ణమాపకము మఱియొకటి మన యిండ్లలో లేదు. ఆ సీసాను ఎండలో పెట్టుటతోడనే చలికాలపు సన్నాహము ముగిసినదని యనుకొనువారు కొందఱు గలరు. ఈ మాసపు మాటలు ముఖ్యముగా వారికొఱకే.

మంచు కురియు దేశములలో చలికాలమునకు ఇంటిని సిద్ధపఱచుట యనగా మూయుటయే. వారు కిటికీసందులను దట్టించి, గోడలనడుమ ఉన్నివంటి పదార్థములు నింపి, నీటిగొట్టములు గడ్డకట్టి పగులకుండ వానికి కప్పులు చుట్టి, పొగగొట్టములను దులిపించుకొందురు. ఆ దేశములందు కాపురముండు మన తెలుగు సోదరీమణులు అచ్చటి పద్ధతినే యనుసరింపవలెను. మన నేలపై చలి యట్టిది కాదు. బందరు, కాకినాడ వంటి తీరపట్టణములలో మార్గశిర పుష్యమాసపు రాత్రులు సాధారణముగా 18, 20 డిగ్రీల దగ్గఱ నుండును. ఆదిలాబాదులోను, అరకులోను, చింతపల్లి దగ్గఱి లంబసింగిలోను 10 డిగ్రీలకు లోపలికి దిగు రాత్రులు కలవు. అయినను అచ్చటకూడ పగటిపూట చక్కని యెండ కాయును. మన యిండ్లలో మనలను వణకించునది చలికంటె చెమ్మ. వానకాలమంతయు గోడలు, పరుపులు, తలుపులు త్రాగిన నీరు బయటికి పోకముందే గదులు బిగించితిమా, ఆ చెమ్మయే బూజై, దగ్గై, పిల్లల ఉబ్బసమునకు తోడై మనతో కాపురము చేయును. కావున మనకు సన్నాహమనగా ముందు ఆరబెట్టుట. మూయుట తరువాతి మాట, అదియు కొంతమట్టుకే.

పని యెప్పుడు మొదలు పెట్టవలె ననునది మీరుండు ప్రదేశమునుబట్టి యుండును. తెలంగాణమున నైఋతి వానలు సాధారణముగా అక్టోబరు నడిమికి వెనుదిరుగును గనుక దసరా వెళ్లగనే గోడలపని, సున్నపుపని చేయించుకొనవచ్చును. నెల్లూరు, ప్రకాశము వంటి దక్షిణ తీరమువారికి అప్పుడే అసలు వానలు మొదలగును. అక్టోబరునుండి డిసెంబరువఱకు ఈశాన్యపు వానలు వారి పాలు. అచ్చటివారు ఆశ్వయుజములో సున్నము వేయించుట డబ్బును కాలువలో పాఱవేయుటయే. వారు ముందు కప్పు చూచుకొని, వెల్లపనిని మార్గశిరము చివరకు త్రోసివేయవలెను. ఈ తేడా తెలియక పుట్టినింటి అలవాటును అత్తవారియూరిలో జరపబోయి చిక్కుపడువారు లేకపోలేదు.

కప్పు సంగతి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. తీరమున కార్తికము తుపానుల కాలము. దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చినది. కోనసీమను కూల్చిన తుపాను 1996 నవంబరు 6న వచ్చినది. విశాఖపట్టణముపై హుద్‌హుద్ విరుచుకొని పడినది 2014 అక్టోబరు 12న. ఈ తేదీలను వరుసగా చూచినవారికి కప్పు మరమ్మతు దీపావళికి ముందే యేల ముగియవలెనో వేఱుగ చెప్పనక్కఱలేదు. పెంకుటిల్లయినచో పగిలిన పెంకులు, జాఱిన పెంకులు, కుళ్లిన వాసములు చూపించి మార్పించవలెను. తాటాకిల్లయినచో కట్లు బిగువుగా నున్నవో లేదో పరీక్షింపవలెను. ఆకు క్రొత్తదైనను కట్టు వదులైనచో గాలి మొదట పట్టుకొనునది దానినే. మేడయింట వాననీరు దిగు తూములలో ఎండుటాకులు, పిట్టగూళ్లు, పిల్లల బంతులు చేరియుండును. అవి తీయించినంతమాత్రముననే సగము కాఱుటలు మానిన యిండ్లను మే మెఱుగుదుము.

వాన వెలసిన గంటకు మేడపై ఇంకను నీరు నిలిచియున్న చోట చుట్టును సుద్దతో గీత గీయుడు. క్రింద గదిలో చెమ్మ కనబడుచోటును అట్లే గుర్తుపెట్టుడు. ‘‘ఎక్కడనే కాఱుచున్నది?’’ అని యడుగు ఇంటియజమానికి నోటిమాటకంటె సుద్దగీత యెక్కువ పనిచేయును. నిచ్చెన యెక్కుట మన పని కాకపోవచ్చును గాని చూచుటయు, చూపుటయు మన పనియే.

పిట్టగోడల పగుళ్లలో మొలచు రావిమొక్కను కంటికి కనబడిన నాడే తీయవలెను. పైకొమ్మ విఱిచినచో అది పోదు. వేరు లోపలనే యుండి మఱునాటి వానకు మఱింత బలముగా చిగిర్చును. కొందఱు రావిని తాకుటకు జంకుదురు. వారు మొక్కను వేరుతో పెకలించి చెఱువుగట్టుననో గుడితోటలోనో నాటించినచో చెట్టును బ్రతుకును, గోడయు నిలుచును. వేరు వచ్చిన పగులును మాత్రము ఆ దినముననే సున్నముతోనో సిమెంటుతోనో పూడ్పింపవలెను.

ఇక గోడలు. గోడ చెమ్మగా నున్నదని వెంటనే రంగు వేయించుట తడిసిన బిడ్డకు తువాలుతో తుడువక పట్టుచొక్కా తొడుగుటవంటిది. చెమ్మ యెక్కడినుండి వచ్చుచున్నదో ముందు తెలిసికొనవలెను. దానికొక సులభమైన పరీక్ష కలదు. జానెడు ప్లాస్టికు కాగితమును గోడపై పెట్టి నాలుగువైపుల గాలి చొరకుండ అంటించి ఒక దినము వదలుడు. మఱునాడు గోడవైపు నీటిచుక్కలు కనబడినచో చెమ్మ గోడలోనిది; కప్పో, గొట్టమో, పునాదియో కారణము. గదివైపు చుక్కలు పట్టినచో చెమ్మ మన గదిలోని గాలిది. తడిబట్టలు లోపల ఆరవేయుట, వంటయావిరి పోవుటకు దారి లేకపోవుట వంటివి కారణములు. మొదటిదానికి తాపీవాడు కావలెను, రెండవదానికి తెఱచిన కిటికీ చాలును.

గోడ ఆఱిన తరువాత వెల్ల. పాతయిండ్ల సున్నపుగోడలకు నూనెరంగులకంటె సున్నమే మేలని మా యభిప్రాయము. సున్నము గోడను ఊపిరి పీల్చుకొననిచ్చును. దానిలోని క్షారగుణము బూజును తొందరగా పెరుగనీయదు. ఏటేట వేసికొనుటకు ఖర్చును తక్కువ. గుల్లసున్నమైనను రాతిసున్నమైనను ముందు వెడల్పాటి యినుపపాత్రలో నీరు పోసి, అందులో సున్నపుగడ్డలను కొద్దికొద్దిగా వేయవలెను. అది కుతకుత యుడుకును గనుక ప్లాస్టికు బకెట్టు పనికిరాదు, పిల్లలు దగ్గఱ నుండరాదు. ఒకరాత్రి నాననిచ్చి, పలుచని గుడ్డతో వడకట్టి, కొంచెము బంకయు నీలిమందును కలిపిన చేతికంటని తెల్లదనము వచ్చును. సున్నము కంట పడినచో నలుపక, చాలసేపు ధారగా నీరు పోసి కడిగి, వెంటనే వైద్యునికి చూపవలెను. కంట నూనె పోయు నాటువైద్యము చేయవలదు.

తలుపుల విషయమున ఒక్క మాట. వానకాలములో కఱ్ఱ నీరు పీల్చి ఉబ్బి తలుపు పట్టివేయును. వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించువారు పుష్యమాసమున ఆ తలుపు సందునుండి చలిగాలి ఈలవేయుట విందురు. ఏలయన ఎండలకు ఆ కఱ్ఱయే మరల కుంచించుకొనును. అంతవఱకు సబ్బుముక్కయో మైనమో అంచులకు రాచి యోర్చుకొని, మార్గశిరమున కఱ్ఱ ఆఱిన పిమ్మట చూచినచో చాల తలుపులు చిత్రిక లేకయే సరియగును.

మన చలికాలమునకు భగవంతు డిచ్చిన వేడిమియంత్రము దక్షిణపు కిటికీ. దక్షిణాయనమున సూర్యుడు దక్షిణముగా ఒఱిగి నడచును. డిసెంబరు చివరివారమున విజయవాడ వంటి చోట మిట్టమధ్యాహ్నమున కూడ సూర్యుడు నడినెత్తిమీదికి రాడు. దక్షిణదిక్కున ఇంచుమించు 50 డిగ్రీల యెత్తున మాత్రమే యుండును. నేలనుండి 7 అడుగుల యెత్తు పైయంచు గల కిటికీకి చూరు అడ్డము రానిచో ఆ యెండ గదిలోనికి ఆఱడుగుల దూరము వచ్చి పడును. వేసవిలో ఆ కిటికీనుండియే ఎండ లోపలికి రాదు, సూర్యుడు నెత్తికి ఎక్కియుండును గనుక. అట్టి కిటికీకడ్డముగా బీరువా నిలిపియుంచిన యిండ్లెన్నియో! వేసవిలో వేలాడదీసిన మందపు తెరలను తీసివేసి, వృద్ధుల మంచమును, పసిపిల్లల పక్కను ఈ నాలుగుమాసములు ఆ గదికి మార్చుడు. ప్రొద్దున 9 గంటలనుండి మధ్యాహ్నము 3 గంటలవఱకు కిటికీలు తెఱచి, దీపాలవేళకు ముందు మూసినచో పగటి వేడిమి రాత్రి కొంతసేపు గోడలలో నిలుచును, సాయంకాలపు దోమలును లోపలికి రావు. పొగమంచు పట్టిన వేకువలయందు ఎండ పొడుచువఱకు ఓపిక పట్టుట మేలు; పట్టణములలో ఆ వేళ గాలి క్రిందనే నిలిచి పొగను, దుమ్మును పట్టుకొనియుండును.

పక్కబట్టల పని దూదితో మొదలిడవలెను. ఏడాది పరున్న పరుపులో దూది గడ్డలుకట్టి నేలవలె నగును. గడ్డకట్టిన దూదిలో గాలి యుండదు, గాలి లేని దూదిలో వెచ్చదనముండదు. దూది యేకువారు వీధిలోనికి వచ్చిననాడు బేరమాడుచు కూర్చుండక యేకించుకొనవలెను. పాతచీరలు నాలుగైదు పొరలు వేసి కుట్టిన బొంతకు సాటియైన కప్పడము బజారులో లేదని మేము గట్టిగా చెప్పుదుము. ఒకే దళసరి రగ్గుకంటె పలుచనిపొరలు పెక్కు ఉన్నచో వాని నడుమ నిలిచిన గాలి చలి నాపును. పెట్టెలోనుండి తీసిన రగ్గులను, గొంగళ్లను రెండుమూడు దినములు మిట్టయెండలో వేసి, నడుమ తిరుగవేసి, దులిపి, వేడి చల్లారిన పిమ్మట లోపలికి తీసికొనవలెను.

ఇచ్చట తల్లులకు ముఖ్యమైన హెచ్చరిక యొకటి కలదు. ఉన్నిబట్టలనడుమ కలరాయుండలని పిలువబడు నాఫ్తలీను ఉండలు వేసి దాచుట మన యిండ్లలో వాడుక. ఆ వాసన పట్టిన బట్టలను ఎండవేయకుండ అప్పుడే పుట్టిన బిడ్డకు కప్పుట ప్రమాదము. కొందఱు బిడ్డలకు పుట్టుకతోడనే రక్తములో జీ-సిక్స్-పీ-డీ యను నొక పదార్థము తక్కువగా నుండును. చూచుటకు వారు అందఱు బిడ్డలవలెనే యుందురు. అట్టివారికి ఈ వాసనవలన రక్తకణములు చితికి పచ్చకామెర ముదురును. తాతమ్మనాటి శాలువను మురిపెముగా తీసి బిడ్డకు చుట్టుటకు ముందు ఉతికి, ఎండబెట్టి, వాసన యేమాత్రము లేదని తెలిసికొనుడు. పసిబిడ్డ బట్టల పెట్టెలో ఆ యుండలను అసలు వేయకుండుటే మంచిది. ఎండిన వేపాకు చాలును.

ఇంతవఱకు చెప్పినవన్నియు ఆలస్యమైనచో నష్టమే గాని ప్రాణాపాయము లేదు. ఇక చెప్పబోవుదానిలో ప్రాణములున్నవి. మన యిండ్లలో చలికి అన్నిటికంటె ముందు తోచు ఉపాయము కుంపటి. అందులోను పురిటిగదిలో కుంపటి. బాలెంతకు చలి తగులరాదని తలుపులు వేసి, కిటికీలు మూసి, గవాక్షమున పాతబట్టలు దోపి, మంచము క్రిందనో ప్రక్కనో బొగ్గులకుంపటి పెట్టుట మన పెద్దల వాడుక. పెద్దల వాత్సల్యమునకు వంక పెట్టుట మా యుద్దేశము కాదు. వారి కాలపు పురిటిగది తాటాకు కప్పుది, పెంకు కప్పుది. దాని సందులనుండి గాలి తనంతట తానే వచ్చుచు పోవుచుండెడిది. నేటి సిమెంటు గదిలో తలుపు మూసినచో ఆ దారి లేదు. అదే కుంపటి ఆనాడు సుఖమిచ్చినది, ఈనాడు ప్రాణము తీయవచ్చును.

కారణము వినుడు. బొగ్గు చాలినంత గాలి లేక కాలునపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, కంటిని మండించదు. మన రక్తములో ప్రాణవాయువును మోసికొనిపోవు హీమోగ్లోబిను ఈ విషవాయువును ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. అందుచే గదిలో గాలి యున్నను శరీరమునకు ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, తలతిరుగుడు, వికారము, కాళ్లలో సత్తువ లేకపోవుట కలుగును. నిద్రలో నున్నవారికి ఈ గుర్తులేవియు తెలియవు. నిద్ర అట్లే మృత్యువగును. పసిబిడ్డలకును, గర్భిణులకును, గర్భములోని శిశువునకును ఇది మఱింత కీడు చేయును.

పొగ రాని నిప్పు మంచిదని యనుకొనుట పెద్ద పొరపాటు. పొగయున్నచో దగ్గి తలుపైన తీయుదుము. నివుఱుగప్పిన యెఱ్ఱని బొగ్గులే మనలను మోసపుచ్చునవి. కుంపటిప్రక్క నీళ్లచెంబు నుంచినచో దోషము పోవునని కొందఱి నమ్మిక. ఈ వాయువు నీటిలో కరగుట మిక్కిలి స్వల్పము గనుక ఆ చెంబునీరు ఆ పని చేయజాలదు. కావున పడుకొను గదిలో కుంపటి వలదు. బాలెంత స్నానము చేసి వచ్చు వేళకు గది వెచ్చగా నుండవలెనన్నచో, ఎవరును లేనపుడు తలుపులు తెఱచి కుంపటి నుంచి, నిప్పును పూర్తిగా బయటికి చేర్చి, గాలి మాఱిన తరువాతనే తల్లిబిడ్డలను లోపలికి తీసికొనిరావలెను. సాంబ్రాణి విషయమునను అంతే. తల యార్చుకొనుటకు తల్లి వసారాలో కూర్చుండవచ్చును. పసిబిడ్డ ఊపిరితిత్తులకు ఏ పొగయు మంచిది కాదు.

అయినచో బిడ్డకు వెచ్చదన మెట్లని అత్తగార లడుగుదురు. తల్లి ఱొమ్మునకు బిడ్డ చర్మము తగులునట్లు చేర్చి, ఇద్దఱిపైన కప్పినచో అంతకు మించిన కుంపటి లేదు. నెల నిండక పుట్టిన బిడ్డలను కూడ నేడు వైద్యాలయములలో ఇట్లే కాపాడుచున్నారు. తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు ముఖ్యము, పసివారికి తల మిగత శరీరముతో పోల్చిన పెద్దది గనుక వేడి అటునుండియే యెక్కువ పోవును. పుట్టిన బిడ్డకు 24 గంటలు గడచువఱకు స్నానము వలదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. కోడలు ఈ మాటలు చెప్పినచో ఇంట చెల్లకపోవచ్చును. అట్టి యిండ్లలో ఈ పుటను అత్తగారి కంటబడునట్లు పెట్టుడు; తప్పు మాదని యనుకొందురు, మే మోర్చుకొందుము.

కుంపటి పోయి గీజరు వచ్చిన యిండ్లవారు నిశ్చింతగా నుండవలదు. విద్యుత్తుతో పనిచేయు గీజరునకు ఈ విషవాయువు భయము లేదు గాని గ్యాసుతో మండు గీజరును చిన్న స్నానపుగదిలోపల బిగించుట కుంపటిని లోపల పెట్టుటతో సమానము. తలుపు మూసి స్నానము చేయుచుండగానే లోపలి ప్రాణవాయువు తగ్గి విషవాయువు పెరుగును. స్నానమునకు వెళ్లినవారు ఎంతకును రాక తలుపు పగులగొట్టిన ఘోరములు చలికాలమున వార్తాపత్రికలలో చదువుచునే యున్నాము. దానిని స్నానపుగది వెలుపల గాలి యాడుచోట బిగించి గొట్టము ద్వారా వేడినీరు మాత్రము లోపలికి రప్పించుకొనవలెను. అది జరుగువఱకు ముందు బకెట్టు నింపుకొని, గీజరు నాపి, తలుపు తెఱచి గాలి మాఱనిచ్చి, ఆ పిమ్మటనే స్నానమునకు పోవలెను. స్నానపుగది గవాక్షమును అట్టముక్కతో మూయుట ఎన్నడును కూడదు. తుపానురోజులలో కరెంటు పోయినపుడు జనరేటరును వసారాలోనో మెట్లక్రిందనో నడుపుటయు ఇట్టి ప్రమాదమే.

ఎవరికైన ఈ వాయువు సోకినదని అనుమానము తోచిన వెంటనే తలుపులు తెఱచి, వారిని బయటి గాలిలోనికి చేర్చి, 108కి ఫోను చేయవలెను. లోపలికి వెళ్లువారు ఊపిరి బిగబట్టి వెళ్లి క్షణములో రావలెను. ఒకరిని రక్షింపబోయి మఱియొకరు పడిపోవుట కలదు. ఒకే యింట ఇద్దఱు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి రాగానే తగ్గినచో అది పైత్యము కాదని తెలిసికొనుడు.

నీటిలో ముంచు కరెంటు కడ్డీ చవుకైనది, ప్రమాదకరమైనది. 20 లీటర్ల నీటిని 20 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు కాచుటకు అర యూనిటు కరెంటు కంటె ఎక్కువ పట్టదు గనుక పొదుపునకు మంచిదే. నీరు కాగినదో లేదో వ్రేలు ముంచి చూచు అలవాటు మాత్రము మానవలెను. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసి, కడ్డీ బయటికి తీసిన తరువాతనే చేయి. ఇంటి మీటరుదగ్గఱ 30 మిల్లీయాంపియర్ల రక్షణస్విచ్చి పెట్టించుటకు అగు ఖర్చు ఒక పట్టుచీర అంచుకు కూడ రాదు. పసిపిల్లలకు, వృద్ధులకు నీళ్లు తొలిపునపుడు ముందు చన్నీరు పోసి పిదప వేడినీరు కలుపవలెను.

నీటినిలువల సంగతి వేగముగా చెప్పి ముగింతుము. వానలు వెనుకబట్టినను డెంగీ దోమ వెనుకబట్టదు. అది మురుగులో గాక మంచినీటిలోనే గ్రుడ్లు పెట్టును, పగలే కుట్టును. తొట్లు, పూలకుండీల పళ్లెములు, ఫ్రిజ్జు వెనుకనుండు పళ్లెము, మేడపై పాతటైర్లు, కొబ్బరిచిప్పలు వారమున కొకసారి ఖాళీ చేయవలెను. నీరు పాఱబోసిన చాలదు. గ్రుడ్లు తొట్టిగోడకు అంటుకొని పొడిగానే నెలలతరబడి బ్రతికియుండును గనుక పీచుతో తోమవలెను. వేసవినుండి మూలనున్న ఎయిర్‌కూలరు నీరు తీసి, గడ్డితెరలు మార్పించి, కప్పివేయుట ఈ పనిలో భాగమే. నూతిదగ్గఱయు పెరటిమెట్లపైనను పట్టిన పాచిని బ్లీచింగుపొడితో తోమి కడుగుడు. చలికి కాళ్లు మొద్దుబాఱిన ముసలివారు జాఱిపడునది అచ్చటనే. బ్లీచింగుపొడిని యాసిడుతో కలుపవలదు, క్లోరిను వాయువు పుట్టి ఊపిరి పట్టివేయును.

ఈ పనులన్నియు ఒక్క గృహిణి నెత్తిన పడవలెనని మే మనుట లేదు. మేడయు గొట్టములును పురుషులకు, తొట్లు తోముట పెద్దపిల్లలకు, ఎండలో పఱచిన పక్కబట్టల కాపలా తాతగారికి అప్పగించినచో రెండాదివారములలో ముగియును. భోగినాడు మంటలో వేయుటకు విఱిగిన వాసములు, పాతకుర్చీలు ఇప్పుడే వేఱుచేసి పొడిచోట పెట్టుడు. రంగువేసిన చెక్క, టైర్లు, ప్లాస్టికు ఆ కుప్పలో చేరనీయకుడు.

పుష్యమాసమున క్రొత్తధాన్యము ఇంటికి వచ్చును. గాదెలను, డబ్బాలను ఆరబెట్టుట, పురుగును ఎలుకను దూరముంచుట విస్తారమైన విషయము గనుక దానిని రాబోవు సంచికలో వ్రాసెదము. అంతలో ఖాళీ గాదెలను ఒకసారి దులిపి, తలుపు తెఱచి యుంచుడు.